పైచెయ్యి

ఖాజీపేట రైల్వే గ్రౌండుల
పొద్దుగాల అయిదున్నరకు
మొదలు మనం ఆడేది హాకీ కాదు,
గులకరాళ్ళు ఏరుడు.
చున్నీల పోసుకొని, గోడ పొంటి కుప్ప వేసుడు.
నిన్న ఏరినం. మొన్న ఏరినం.
ఈ భూమి రాత్రికి రాత్రి మళ్ళ కంటది రాళ్ళను.

ఏరుండ్రి బిడ్డా, ఇసుగు పడకుండ్రి.
రాయి తాకి ఎగిరిన బాల్
రుమాన కనుబొమ్మ మీద మూడు కుట్లు వేసి పోయింది.
నవ్వినప్పుడు ఆ బొమ్మ ఇప్పటికీ సగమే లేస్తది.
ఆ సగం నవ్వుతోనే నాలుగో రోజు గ్రౌండుకొచ్చింది పోరి.

నేను కోచ్‌ను కాదు. నా డ్యూటీ పట్టాల మీద.
భుజాన సుత్తె, చేతిల పానా,
వదులైన చాబీలు బిగించుకుంట నడుసుడు.
ఒక్క చాబీ ఊడితే ఏమైతదో తెలిసినదాన్ని,
అందుకే మీ పట్టు వదులైతే
అంత దూరంకెళ్ళి అరుస్త.
తిట్టు అనుకోకుండ్రి.

నందినీ,
కొత్తగ వచ్చిన నాడు గొణిగినట్టు అడిగినవ్:
"అక్కా, ఎడమ చేతివాటపోళ్ళకు వేరే కర్ర ఉంటదా?"
ఉండదు.
ఈ కర్రకు ఒక్కటే మొఖం,
చదునుగున్న దిక్కుతోనే కొట్టాలె,
గుండ్రటి వీపు తాకితే ఫౌలు.
దునియాల ఎవ్వలకైనా గదే కర్ర.
నువ్వు మొఖం చిన్నగ చేసుకున్నవ్.
ఎడమ చేత్తోని ముద్ద ఎత్తితే నాయినమ్మ గంటెతోని కొట్టె,
ఎడమ చేత్తోని రాస్తే పంతులమ్మ పలక గుంజుకునె,
ఇగ ఈడ గూడ గిట్లనేనా అని.

పట్టు. ఒక్కసారి కర్ర పట్టి చూడు.
ఏ చెయ్యి మీద ఉన్నది?
కుడిది కింద ఊకె ఆసర.
కర్రను తిప్పేది,
బాల్‌ను ఇటు చూపి అటు మలిపేది,
ఎదురొచ్చినదాన్ని నమ్మించి దాటేది
గంటె దెబ్బ తిన్న చెయ్యే.
పైచెయ్యి అంటే ఏందో
నాకు ఇన్నేండ్లకు నీ వేళ్ళు చూసి తెలిసింది.

మొన్న హైదరాబాద్‌ల
నీళ్ళు కొట్టిన నీలం టర్ఫ్ మీద ఏడు గోల్స్ తిన్నం.
మన మట్టి మీద ఆగి ఆగి వచ్చే బాల్
ఆడ పాము లెక్క జారింది.
వచ్చేటప్పుడు జనరల్ బోగీల
భువనగిరి దాక ఎవ్వలు మాట్లాడలే.
ఆలేరుల ఎవలో పల్లీలు కొన్నరు.
జనగామల ప్రిస్కిల్లా
"అక్కా, ఆ టర్ఫ్ మీద చెప్పుల్లేకుండ నడిస్తే సల్లగున్నది" అన్నది.
ఏడు గోల్స్ ఆపలేకపోయిన పిల్ల
కాళ్ళతోని ఆ నేలను యాదికుంచుకున్నది!
గప్పుడు అనుకున్న, వీళ్ళు మళ్ళ ఆడికి పోతరని.

నా కర్ర సంగతి చెప్పలే కదా.
పందొమ్మిదేండ్లకు జిల్లా జట్టుల పేరొచ్చింది,
పోలే. ఎవ్వలు ఆపలే గూడ,
పొమ్మని ఎవ్వలు అనలే, అంతే.
మా అమ్మ ఆ కర్రను దండేనికి ఊతం పెట్టింది.
పదకొండేండ్లు తడి బట్టలు మోసింది.
కర్ర తప్పు కాదు. అమ్మ తప్పు గూడ కాదు.
కని ఇప్పుడు ఒకళ్ళు పొమ్మంటున్నరు, ఇనుండ్రి:
పోండ్రి.

సెలెక్షన్ అయితదని మాటియ్య.
కొలువొస్తదని మాటియ్య.
నడుము వంచి ఆడితే, తల ఎత్తి చూస్తే
బాల్ ఎటు పోతదో ఒక్క క్షణం ముందుగాల తెలుస్తది.
అది మాత్రం ఎవ్వలు గుంజుకోలేరు.

ఇగ లేవుండ్రి, గూడ్సు బండి కూత వేసింది.
మన గ్రౌండుకు గ్యాలరీ లేదని ఏడుస్తరు గని,
ఏరిన రాళ్ళ కుప్ప మోకాలెత్తు అయింది.
దాని మీదనే కూసొని చూస్తున్న నేను.
వానకాలం నాటికి ఇంకొంచెం పెంచుండ్రి,
నందిని నాయినమ్మను గూడ పిలుద్దాం.
గంటె ఇంట్ల పెట్టి రమ్మందాం.